పెరుగు చుట్టరికం

జగిత్యాలకు వచ్చిన ఏడాది తిరగకముందే ఊర్మిలకు "పెరుగు మేడం" అనే పేరు స్థిరపడిపోయింది. పొద్దంతా కాలేజీలో జీవశాస్త్రం పాఠాలు చెప్పేది. సాయంత్రం కాగానే భుజానికి సంచీ తగిలించుకొని వాడల్లోకి బయలుదేరేది. వాకిట్లో ఎవరు కనబడితే వాళ్ళను, "అక్కా, ఒక్క చెంచెడు పెరుగు పెడ్తరా?" అని అడిగేది.

కొందరు నవ్వి లోపలికి పిలిచేవాళ్ళు. "చెంచెడేంది బిడ్డా, కూసో. ఇంత బువ్వ పెడ్త, కలుపుకొని తిను" అనేవాళ్ళు. కొందరు అనుమానంగా చూసేవాళ్ళు. "మా ఇంటి పెరుగు తీస్కపోయి ఏం జేస్తవమ్మా? మా బర్రె పాలు ఎండిపోయేటట్టు ఏమన్న జేస్తవా ఏంది?" అని నిలదీసిన ముసలమ్మలూ ఉన్నారు. అప్పుడామె గడప పక్కన చతికిలబడి ఓపికగా చెప్పేది. పెరుగులో కంటికి కనబడని జీవులుంటాయని, పాలను తోడుకునేలా చేసేవి అవేనని, మీ ఇంటివీ పక్క ఊరివీ ఒకటేనా కాదా అని చూస్తున్నానని. విన్నవాళ్ళంతా దాదాపు ఒకే మాట అనేవాళ్ళు.

"ఒకటెట్లయితయి? మా పెరుగు రుచే వేరు."

ఆ మాటే నిజమో కాదో తేల్చాలన్నది ఊర్మిల పరిశోధన. సూక్ష్మదర్శిని కింద పెడితే అన్ని పెరుగుల్లోనూ అవే కనబడేవి: సన్నని పుల్లల్లాంటి బాక్టీరియా, ఒకదాని కొస ఒకటి పట్టుకొని గొలుసుల్లా. విశ్వవిద్యాలయంలో ఆమెకు మార్గదర్శకుడైన పెద్దాయన వాటిని చూసి పెదవి విరిచాడు. "రూపం ఒకటే, పేరూ ఒకటే. ఇవి వేరువేరని నువ్వెట్లా చెప్పగలవు?" అన్నాడు. అది ప్రశ్నలా కాక, వేరే పని చూసుకోమన్న సలహాలా వినబడింది. ఊర్మిల సలహాను వదిలేసి ప్రశ్నను పట్టుకుంది.

ఆమె పుట్టి పెరిగింది సిరిసిల్లలో, సాంచాల చప్పుడులో. తండ్రి బాలకిషన్ ఆ మరమగ్గాల మీదే పనిచేసేవాడు. చదువుకున్న బిడ్డ ఇంటింటికీ పోయి పెరుగు అడుగుతోందన్న సంగతి ఎవరో చెవిన వేస్తే ఆయన ఏమీ నొచ్చుకోలేదు. "అడిగితే అడగనీ. ఏ ఊళ్ళ మంచి పెరుగు దొరుకుతదో మనకు గూడ ఎరుకైతది" అన్నాడు.

బాక్టీరియా రూపంలో ఒకలాగే ఉన్నా తిండి దగ్గర తమ స్వభావం బయటపెట్టుకుంటాయి. ఒక్కోటి ఒక్కో ఎంజైమును ఎక్కువగానో తక్కువగానో వదులుతుంది. పాలలోని చక్కెరను విరిచేది ఒకటి, కొవ్వును తెంచేది ఇంకోటి, మాంసకృత్తులను తుంచేవి కొన్ని. ఊర్మిల దగ్గర చిన్నచిన్న గుంటలున్న పట్టీలుండేవి. గుంటకో రకం మేత. వాటిలో బాక్టీరియా కలిపిన నీటిబొట్టు వేసి, వెచ్చగా ఉంచి, తర్వాత మందు చుక్క కలిపితే రంగు తేలుతుంది. రంగు ఎంత ముదురైతే ఎంజైము అంత చురుకన్న మాట. రంగు లేకపోతే సున్నా, బాగా ముదిరితే ఐదు. అలా ఒక్కో పెరుగుకూ ఒక్కో అంకెల వరుస తయారైంది.

అక్కడే ఆమెకు చిక్కు వచ్చిపడింది. ఏ ఒక్క గుంటా తేల్చి చెప్పదు. కోరుట్ల పెరుగులకు ఒకచోట ముదురు రంగు వస్తుంది, అంతలోనే జగిత్యాలలో ఒకదానికీ అదే రంగు వస్తుంది. సిరిసిల్లవి ఒక గుంటలో లేతగా ఉంటాయి, రెండు మాత్రం ఉండవు.

ఆ చిక్కు విప్పింది నీల. కోరుట్లలో జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పేది. రాయికల్ దగ్గర కూలికుటుంబం వాళ్ళది, తల్లి బీడీలు చుట్టి చదివించింది. అంకెలు కనబడితే చాలు, ఆకలి మరిచిపోయే మనిషి. కోరుట్లలో పెరుగు కోసం తిరుగుతూ ఊర్మిల ఆమె అద్దె గది తలుపు తట్టింది. "నేను హోటల్ల తింట, నా దగ్గర పెరుగెక్కడిది?" అంది నీల. పెరుగు దొరకలేదు కాని స్నేహం దొరికింది. అంకెల వరుసలన్నీ మంచం మీద పరిచి, నీల కాసేపు చూసి తల పంకించింది.

"నువ్వు ఒక్కో గుంటను విడివిడిగ జూస్తున్నవు. జాతర్ల మీ అవ్వను దూరంకెళ్ళి ఎట్ల గుర్తువడ్తవు? ఒక్క చీర జూసా? చీర మందికుంటది. ఎత్తు, నడక, చెయ్యి ఊపుడు, అన్నీ ఒక్కపారి జూస్తవు గద. గీడ గూడ గట్లనే. అన్ని గుంటలు కలిపి, దేనికి దేనికి ఎంత దూరమో లెక్కగట్టాలె. దగ్గరున్నయి చుట్టాలు. గాళ్ళ చుట్టాలెవరో మళ్ళ జూడాలె."

అలా ఆదివారాలన్నీ లెక్కలకే పోయాయి. ఒక వరుసలోని అంకె నుంచి ఇంకో వరుసలోని అంకె తీసేయడం, మిగిలినదాన్ని దానితోనే గుణించడం, అన్నీ కూడటం, వర్గమూలం కట్టడం. తప్పు దొర్లితే ఇద్దరూ ఒకరినొకరు తిట్టుకొని, చాయ్ తాగి, మళ్ళీ మొదలుపెట్టేవాళ్ళు. చివరికి విశ్వవిద్యాలయంలో కొత్తగా వచ్చిన కంప్యూటరుకు ఆ అంకెలన్నీ ఎక్కించారు. అది గరగరమని శబ్దం చేస్తూ, అంచుల్లో చిల్లులున్న పొడుగాటి కాగితం మీద ఒక పటం గీసి ఇచ్చింది. ఎడమ పక్కన పెరుగుల గుర్తులు. జె అంటే జగిత్యాల, కె అంటే కోరుట్ల, ఎస్ అంటే సిరిసిల్ల. ఒక్కో గుర్తు నుంచి ఒక గీత బయలుదేరి, దగ్గరి చుట్టంతో కలిసి, ఆ జంట ఇంకో జంటతో కలిసి, చివరికి మూడు గుంపులుగా తేలింది. పూర్తిగా ఊరికో గుంపు అని కాదు, అటుదొకటి ఇటు, ఇటుదొకటి అటు ఉన్నాయి. అయినా మూడు గుంపులూ చూపుకు ఆనేంత స్పష్టంగా ఉన్నాయి.

"వేరేనే!" అని ఊర్మిల కంప్యూటరు గదిలోనే అరిచింది. అక్కడి గుమస్తా ఉలిక్కిపడి లేచాడు. నీల ఆ కాగితం పట్టుకొని అతనికి కూడా పెరుగుల చుట్టరికం చెప్పబోయింది. అతను దండం పెట్టి తప్పుకున్నాడు.

ఆ సంతోషంతోనే మరుసటి ఆదివారం ఇద్దరూ కోరుట్లలో జగిత్యాల బస్సెక్కారు. ఊర్మిల కాలేజీలో కూర్చొని పటాన్ని పెద్ద అట్ట మీద శుభ్రంగా గీసి పెట్టాలని వాళ్ళ ఆలోచన.

ఆ రోజుల్లో ఆ దారిలో బస్సు ఆగకుండా పోవడం అరుదు. గోడల మీద రాత్రికి రాత్రి ఎర్ర రాతలు వెలిసేవి, పగలు వాటి మీద సున్నం పడేది. తరగతిలో ఏ కుర్రాడైనా వరసగా కొన్నాళ్ళు రాకపోతే, ఎందుకని అడగడానికి కూడా అధ్యాపకులు జంకేవాళ్ళు. అడవి వైపు పోయిన వాళ్ళూ ఉన్నారు, జీపెక్కించి తీసుకుపోతే తిరిగి రాని వాళ్ళూ ఉన్నారు.

సగం దారిలో పోలీసులు బస్సు ఆపి అందరి సంచులూ వెతికారు. హెడ్ కానిస్టేబుల్ ముత్యం ఊర్మిల సంచీలో చెయ్యి పెట్టి, మడతల కాగితం తీసి విప్పాడు. విప్పిన కొద్దీ అది సాగుతూనే ఉంది. గుర్తులు, అంకెలు, గీతలు, గుంపులు. అతని ముఖం మారిపోయింది.

"దిగుండ్రి" అన్నాడు మెల్లగా.

వాళ్ళిద్దరూ దిగుతుంటే పక్క సీటులోని ముసలామె ఊర్మిల చెయ్యి పట్టుకొని ఒకసారి నొక్కి వదిలింది. అప్పుడు వేసింది ఊర్మిలకు భయం.

ఠాణాలో ఎస్సై లక్ష్మీరాజం బల్ల మీద కాగితం పరిచి చాలాసేపు చూశాడు. ముప్పై ఏళ్ళుంటాయేమో, నిద్రలేని కళ్ళు.

"ఎస్ అంటే ఏందమ్మా?"

"సిరిసిల్ల, సార్."

"కె?"

"కోరుట్ల."

"జె అంటే జగిత్యాల. ఎవరు ఎవలకింద పనిచేస్తున్నరో, ఎక్కడ కలుస్తున్నరో గీతలు గీసి పెట్టిండ్రు. మేం ఏండ్లసంది తిప్పలవడి గీసుకుంటున్న బొమ్మ మీరు కంప్యూటర్ల తీసిండ్రు." అతను వేలు ఒకచోట పెట్టాడు. "గీ ఎస్-ఏడు, ఎస్-తొమ్మిది చానా దగ్గరున్నరు. ఎవలు గాళ్ళు?"

ఊర్మిలకు ఉన్న నిజమే నోటికి వచ్చింది. "ఎస్-ఏడు మా అమ్మ, సార్. ఎస్-తొమ్మిది మా మేనత్త."

ముత్యం తన లాఠీని గట్టిగా పట్టుకున్నాడు.

"మీ అమ్మ గూడ ఉన్నదా దళంల?" అన్నాడు ఎస్సై, గొంతు తగ్గించి.

"దళం గాదు సార్, పెరుగు!" నీల ఒక్కసారిగా అరిచింది. "వాళ్ళ అమ్మ తోడువెట్టిన పెరుగు!"

తర్వాత ఇద్దరూ ఒకరి మాటను ఒకరు తోసుకుంటూ అంతా చెప్పారు. గుంటలు, రంగులు, అంకెలు, దూరాలు. ఎస్సై కాలేజీ ప్రిన్సిపాల్ ఇంటికి ఫోను చేశాడు. "ఆ, ఆ, పెరుగు మేడం. మా మేడమే" అన్న కేక రిసీవరు దాటి గదంతా వినబడింది. ఎస్సై ఫోను పెట్టేశాడు కాని అనుమానం పూర్తిగా పెట్టేయలేదు.

"పోండ్రి. గని కాగితం నా దగ్గరనే ఉంటది. పెరుగులు జూసి చుట్టాలను పట్టుడు నేను నమ్మ."

అప్పటికి నీలకు భయం తీరి రోషం వచ్చింది. "నమ్మకుంటె పరీక్ష వెట్టుండ్రి సార్. మేము తిరగని ఇండ్లల్ల పెరుగు మీరే తెప్పియ్యుండ్రి. ఎక్కడిదో మాకు జెప్పొద్దు. ఏ గుంపుదో మేం జెప్తం."

ఊర్మిల ఆమె చీర కుచ్చెళ్ళు పట్టి లాగింది. ఎస్సై మొదటిసారి కొంచెం నవ్వాడు. "సరే. వెడ్త."

అలా జిల్లాలో ఎన్నడూ జరగని సోదాలు జరిగాయి. జీపు వచ్చి ఇంటి ముందు ఆగుతుంది. టోపీలు దిగుతాయి. ఇంట్లో వాళ్ళకు గుండె జారుతుంది. దిగినవాళ్ళు తల గోక్కుంటూ పెరుగు అడుగుతారు. సిరిసిల్లలో జరిగిన సంగతి పరీక్ష ముగిశాక ముత్యమే ప్రయోగశాలలో కూర్చొని చెప్పాడు.

"లచ్చవ్వ అని ఒక ముసల్ది, మేడం. జీపు జూసి తలుపుకు అడ్డం నిలవడ్డది. 'నా కొడుకు ఇంట్ల లేడు బిడ్డా, భివండి వోయిండు, సాంచాలు నడుపుతండు' అని చేతులు జోడిచ్చింది. కొడుకు గాదవ్వా, పెరుగు గావాలె అన్న. నమ్మది. మూడు సార్లు జెప్పిన. ఆఖరికి గడప మీద కూలవడి ఏడ్సుడువెట్టింది, ఏడ్సుకుంటనే నవ్వింది. పెరుగు గురిగి మొత్తం తెచ్చి నా చేతుల వెట్టింది. గదే మీకు సీసల పోసి పంపినం." అతను టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. "ఇరవై ఏండ్ల సర్వీసుల, మేం వోతె ఒక మనిషి నవ్వుడు గదే మొదలు."

ఎస్సై పంపిన సీసాలు తొమ్మిది. ఒక్కోదాని మీద అంకె తప్ప ఏమీ లేదు. ఊర్మిల ఒక్కో పెరుగునుంచీ జీవిని వేరుచేసి, గాజు పళ్ళాల్లో పెంచి, పట్టీల గుంటల్లో వేసింది. రంగులు తేలాయి. రంగు చూసి అంకె వేసేటప్పుడు మనసు ఒకవైపు మొగ్గకుండా ఒకసారి తను, ఒకసారి నీల విడివిడిగా వేశారు. దూరాలు నీల కాగితం మీద కట్టింది. ఈసారి కంప్యూటరు లేదు. మునుపటి మూడు గుంపుల సగటుకు ఒక్కో కొత్త పెరుగు ఎంత దూరమో చూస్తే చాలు.

ఫలితం చెప్పే రోజు మధ్యాహ్నం ఎస్సై తానే ప్రయోగశాలకు వచ్చాడు. ప్రిన్సిపాల్ వచ్చాడు. తలుపు దగ్గర విద్యార్థులు తొంగిచూస్తున్నారు. ఎస్సై జేబులోంచి తన చీటీ తీసి, ఎవరికీ కనబడకుండా పట్టుకున్నాడు.

"ఒకటో సీసా?"

"కోరుట్ల గుంపు."

"ఊఁ. రెండు?"

"సిరిసిల్ల గుంపు."

ఊర్మిల చెబుతూ పోయింది. ఎస్సై కనుబొమలు పైకి లేస్తూ పోయాయి. ఏడో సీసా దగ్గర ఆమె, "ఇది సిరిసిల్ల గుంపు" అనగానే అతను చీటీ బల్ల మీద పెట్టి, సంతోషంగా చప్పట్లు కొట్టాడు.

"తప్పింది! గిది జగిత్యాలది. మా ఇంటి పెరుగు. మీకు పంపిననాడు నా చేతులతోనె గిన్నెలకెళ్ళి తీసిన."

విద్యార్థుల్లో గుసగుసలు లేచాయి. ఊర్మిల ఏడో సీసా అంకెలు మళ్ళీ చూసింది. నీల పక్కనే నిలబడి లెక్కను కింది నుంచి పైకి మళ్ళీ చేసింది. ఎక్కడా తప్పు లేదు. జగిత్యాల గుంపుకు అది ఎంతో దూరం, సిరిసిల్ల గుంపు నడిబొడ్డునే ఉంది. ఒక్కదానికేగా, పోనీలే, తప్పని ఒప్పుకుంటే అందరూ మెచ్చుకొనే పంపుతారు. ఆ ఆలోచన వచ్చింది ఊర్మిలకు. కాని అంకెలు అటు చూపిస్తుంటే ఇటు ఎట్లా చెప్పడం?

"సార్, నేను మాట మార్చను" అంది. "పెరుగు మీ ఇంట్లదే కావచ్చు. పాలు జగిత్యాలవే కావచ్చు. మరి తోడు ఎక్కడిది?"

"తోడా? నాకేం ఎరుక?"

"అడుగుదాం పాండ్రి" అంది నీల, అప్పటికే చెప్పులు తొడుక్కుంటూ.

పోలీసు క్వార్టర్లు నడిచిపోయేంత దూరమే. ఎస్సై, ప్రిన్సిపాల్, ముత్యం, ఇద్దరు ఆడవాళ్ళు, వెనుక సగం తరగతి. ఎస్సై భార్య రాజేశ్వరి వాకిట్లో బియ్యం చెరుగుతోంది. ఇంతమందిని చూసి చాట పక్కన పెట్టి కంగారుగా లేచింది.

"మన పెరుగుకు తోడు ఎక్కడిది?" అన్నాడు ఎస్సై, నేరం రాబట్టే గొంతుతో.

"అయ్యో, గదేం అడుగుడు? ఇన్ని నెలల సంది తింటున్నరు గద."

"జెప్పు ముందుగాల."

"మనం బదిలీ అయి అచ్చిననాడు ఇంట్ల ఏమున్నది? పక్కింటి నాగవ్వ ఇచ్చింది. గా తోడే నడుస్తున్నది."

నాగవ్వ ముత్యం భార్య. గోడ అవతల నుంచి ఆమె తల అప్పటికే కనబడుతోంది. అందరూ అటు తిరిగారు.

"నాదేమో మా అవ్వగారింటిది" అంది ఆమె, తన తోడుకు ఇంత గౌరవం ఎందుకొచ్చిందో తెలియక. "పెద్దోడు పుట్టినంక తల్లిగారింటికెళ్ళి అచ్చేటప్పుడు డబ్బల పోసుకొని అచ్చిన. గీడి పెరుగు నా నోటికి వట్టదు."

"మీ తల్లిగారిది ఏ ఊరు అవ్వా?" అంది ఊర్మిల.

"సిరిసిల్ల, బిడ్డా."

వాకిలి ఒక్కసారిగా దద్దరిల్లింది. విద్యార్థులు ఈలలు వేశారు. నీల ఊర్మిలను ఎత్తి తిప్పబోయి ఎత్తలేక, ఇద్దరూ చాట మీద పడబోయి నిలదొక్కుకున్నారు. ముత్యం తన భార్యను ఇవాళే కొత్తగా చూసినట్టు చూస్తున్నాడు. ఎస్సై కాసేపు తల వంచుకొని నిలబడ్డాడు. తర్వాత అతని భుజాలు కదిలాయి. అతను నవ్వుతున్నాడు. ఠాణాలో నవ్విన నవ్వు కాదు, కడుపులోంచి వచ్చే నవ్వు, కళ్ళ నీళ్ళు తిరిగేదాకా.

"నా ఇంట్ల ఉన్న సిరిసిల్లోళ్ళను నేను వట్టుకోలేదు, మీరు వట్టిండ్రు" అన్నాడు.

రాజేశ్వరి ఎవరినీ ఊరికే పోనివ్వలేదు. ఉన్నవాళ్ళందరికీ అటుకులు, పెరుగు, ఉప్పు, పచ్చిమిరపకాయలు పంచింది. తింటూ తింటూ ఎస్సై అడిగాడు, "ఎట్ల జెప్పగలిగిండ్రమ్మా? అన్నీ తెల్లగనే ఉంటయి గద."

ఊర్మిల ఇంకా తేరుకోలేదు. నీల చెప్పింది. "ఒక్క గుర్తు జూసి జట్టు గట్టొద్దు సార్. ఏడో సీసల ఒక గుంట అచ్చం జగిత్యాల రంగే తేలింది. గదొక్కటే నమ్ముకుంటె తప్పుతుంటిమి. అన్ని గుంటలు కలిపితెనే అసలు మనిషి తేలుతడు."

ఆమె మనిషి అన్నది పొరపాటునో, కావాలనో తెలియదు. ఎస్సై అటుకులు కలుపుతున్న చెయ్యి ఆపాడు.

"మేము ఒక అంగి రంగు జూసి పట్టుకొచ్చినోళ్ళున్నరు" అన్నాడు, ఎవరితోనూ కాదన్నట్టు. "ఒక పాట పాడిండని ఒగల్ని."

నాగవ్వ అతని పళ్ళెంలో ఇంకో గరిటెడు పెరుగు వేసింది. అతను జీపులో ఉన్న కంప్యూటరు కాగితం తెప్పించి, మడత నలగకుండా రెండు చేతులతో ఊర్మిలకు ఇచ్చాడు.

పెద్దాయన విశ్వవిద్యాలయంలో ఆ పటాన్నీ, తొమ్మిదికి తొమ్మిదీ సరిపోయిన సీసాల పరీక్ష ఫలితాన్నీ చూసి, కళ్ళద్దాలు తుడుచుకొని మళ్ళీ చూశాడు. "పోలీసు వాళ్ళతో పరీక్ష పెట్టించుకున్న మొదటి పరిశోధన ఇదే అయ్యుంటుంది" అని, వ్యాసం రాయడం వెంటనే మొదలుపెట్టమన్నాడు. లెక్కలు కట్టిన నీల పేరు కూడా పక్కన ఉండాలని ఊర్మిల పట్టుబట్టింది. అదే జరిగింది.

అయితే వ్యాసం రాయడానికి ఊర్మిలకు తీరిక ఎక్కడిది? క్వార్టర్ల కథ వారంలోనే జగిత్యాల అంతా పాకింది. ఇప్పుడు ఆమె పెరుగు కోసం తిరగనక్కరలేదు, పెరుగులే ఆమె దగ్గరికి వస్తున్నాయి. "మా కోడలు దాని తల్లిగారి తోడు వాడుతందో, నా తోడు వాడుతందో జూడు బిడ్డా" అని ఒకామె గిన్నె పట్టుకొచ్చింది. ఇంట్లో తగువు పెట్టే పని మాత్రం చేయనని ఊర్మిల నవ్వి పంపింది. రాజేశ్వరి రుబ్బిన పిండి తెచ్చి, ఇది పులిసేది కూడా ఆ కనబడని జీవులతోనేనా అని అడిగింది.

ఒక ఆదివారం ఇద్దరూ కొత్త పట్టీల రంగులు చూస్తుంటే తలుపు దగ్గర దగ్గు వినబడింది. సివిల్ బట్టల్లో ముత్యం, చేతిలో మూతి కట్టిన సీసా.

"గిది పెరుగు గాదు మేడం" అన్నాడు సిగ్గుపడుతూ. "కల్లు. మా దోస్తు తన చెట్టుదే అంటడు, నాకేమో పక్క చెట్టుది గలిపిండని అనుమానం. తేలుస్తరా?"

నీల సీసా అందుకొని, మూత తీసి వాసన చూసి, ఊర్మిల వైపు తిరిగింది. ఇద్దరి కళ్ళూ ఒకేసారి మెరిశాయి. కల్లులోనూ బాక్టీరియా ఉంటాయి, ఈస్టులూ ఉంటాయి, ఇంతవరకూ వాటి జోలికే వాళ్ళు పోలేదు.

"ఒక్క సీసతోని గాదు ముత్యమన్నా" అంది నీల, పెన్ను తీస్తూ. "ఆ వనంల ఉన్న చెట్లన్నిటియి గావాలె. విడివిడిగ."

"అన్నిటియి దెస్త!" అన్నాడు ముత్యం. అంతటి ఉత్సాహంతో అతను ఏ డ్యూటీకీ బయలుదేరి ఉండడు.